స్కూటర్ ఎవరి పేరున కొంటున్నారన్నది ముందు తేల్చుకోండి

నకిరేకల్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన నల్లగొండ ప్రకాశం బజారులోని ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. జీతం 24,000. పాత బండికి ఇంజను పని పడింది, మెకానిక్ 7,000 అడిగాడు. రోజూ రానుపోను 45 కిలోమీటర్ల దాకా తిరగాలి కాబట్టి 125 సీసీ స్కూటర్ తీసుకోవాలనుకుంటున్నారు. అన్నీ కలిపి 1,12,000 అవుతుంది. దాచుకున్న 50,000 మొత్తం కట్టేసి, భార్య పేరున మహిళా సంఘంలో 40,000, తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి 22,000 తెస్తారట. సంఘం అప్పు ఆమెదే కాబట్టి, ఆమె పేరు కలిసొస్తుంది కూడా కాబట్టి, బండిని ఆమె పేరునే రిజిస్టర్ చేయిస్తారట. ఆమెకు లైసెన్సు లేనందున యజమాని ప్రమాద బీమా అవసరం లేదని షోరూమ్‌లో చెప్పారని, ఆ ఖర్చు తప్పిందని సంతోషంగా రాశారు. ఆయన అడిగింది మాత్రం ఒక్కటే: ఏ బండి నమ్మకంగా నడుస్తుంది?

యాక్టివా 125, యాక్సెస్ 125, జూపిటర్ 125, ఈ మూడింటిలో ఏది కొన్నా మీ దూరానికి సరిపోతుంది. జూపిటర్ 125కు వెనక చక్రం కూడా 12 అంగుళాలది, మిగతా రెండింటికీ వెనక 10 అంగుళాలే. గుంతల దారిలో రోజూ తిరిగేవారికి పెద్ద చక్రం కొంత నయం. మీకు దగ్గరలో మంచి సర్వీసింగ్ కేంద్రం ఏ కంపెనీకి ఉందో చూసి తీసుకోండి. బండి ఎంపిక గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. ఈ ఉత్తరానికి నేను జవాబు రాయడానికి కారణం, మీరు సంతోషంగా రాసిన ఆ వాక్యమే.

యజమాని ప్రమాద బీమా కింద 15 లక్షలు రావాలంటే, బండి ఎవరి పేరున ఉందో వారే నడుపుతూ ఉండాలి, వారికి లైసెన్సు ఉండాలి. మీ ఏర్పాటులో యజమానికి లైసెన్సు లేదు, నడిపే మీరు యజమాని కాదు. అంటే రోజూ 45 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ బండి మీద ఒక్క రూపాయి ప్రమాద బీమా ఉండదు. ఆ బీమాకయ్యే ఖర్చు ఏడాదికి వందల్లోనే ఉంటుంది. ఇల్లాలి పేరున బండి కొని భర్త నడపడం మన జిల్లాలో ఇంటింటా జరుగుతున్నదే. అందులో ప్రేమ ఉందని నాకూ తెలుసు. కానీ జరగరానిది జరిగితే ఆ ఇల్లాలికే ఏమీ అందదు.

మీరు దుకాణం మూసి బయలుదేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుందని రాశారు. వానాకాలం కోతలైనా, యాసంగి కోతలైనా మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. చీకటి పడగానే కుప్పల మీద నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల వెంబడి బండరాళ్లు పెడతారు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడినప్పుడు ఆ టార్పాలిన్ కనపడదు, రాయి అసలే కనపడదు. ఆ రాయికి తగిలి పడితే అక్కడ ఎదుటి వాహనమంటూ ఉండదు, పరిహారం అడగడానికి ఎవరూ ఉండరు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి జరిగిన నష్టానికే గాని మీకు కాదు. అలాంటి సమయంలో మీ ఇంటిని ఆదుకునేది మీ పేరున ఉన్న ప్రమాద బీమా ఒక్కటే. మరణిస్తే గాని, రెండు కాళ్లో చేతులో పోతే గాని అందులో పూర్తి మొత్తం వస్తుంది, ఒక కాలో చెయ్యో పోతే సగం వస్తుంది.

కాబట్టి బండి మీ పేరున కొనండి, ప్రమాద బీమా తీసుకోండి, నామినీగా మీ భార్య పేరు రాయించండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. కొత్త బండికి 5 ఏళ్ల బీమా అంటే అది థర్డ్ పార్టీకి మాత్రమే. బండి డ్యామేజీకి, చాలాసార్లు ప్రమాద బీమాకు కూడా, గడువు ఏడాదే. ఐదేళ్ల కాగితం ఉంది కదా అనే ధీమాతో రెండో ఏడాది రెన్యువల్ చేయించనివారు ఎందరో ఉన్నారు. మీ పాలసీ కాగితంలో ఏది ఎప్పటిదాకా అన్నది విడివిడిగా రాసి ఉంటుంది, షోరూమ్‌లో ఉన్నప్పుడే చదవండి. సొంతంగా టర్మ్ పాలసీ, అంటే మరణిస్తేనే ఇంటివారికి డబ్బు అందే జీవిత బీమా, లేకపోతే స్కూటర్ కంటే ముందు అది తీసుకోండి, మీ జీతానికి కనీసం 30 లక్షలకు ఉండాలి. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా కూడా నడుస్తున్నదో లేదో చూసుకోండి.

ఇక మూడు రూపాయల మిత్తి. స్కూటర్ కోసం ఆ అప్పు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. 22,000కు నెలకు 660, ఏడాదికి 7,920 కడతారు, అసలు అలాగే ఉంటుంది. 350 సీసీ లోపు బండ్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినందువల్ల మిగిలిందంతా తీసుకెళ్లి మిత్తి వ్యాపారి చేతిలో పెట్టినట్టే. సంఘం డబ్బు కూడా ముట్టవద్దు. మీరు వాయిదా తప్పితే తలవంచుకోవాల్సింది మీ భార్య, ఇబ్బంది పడేది తోటి సభ్యులందరూ.

దాచుకున్న 50,000 మొత్తం ఊడ్చి పెట్టడం కూడా తప్పే. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల దాకా వైద్యం దొరకవచ్చు గాని, కాలు విరిగి రెండు నెలలు దుకాణానికి వెళ్లలేకపోతే ఇంటి ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? 30,000 కదిలించకండి. అందులోనుంచి కాకుండా మిగిలిన 20,000లో 7,000 పెట్టి పాత బండి బాగు చేయించండి, లేదా ఆరు నెలలు బస్సు పాసు తీసుకోండి. ఈలోగా నెలకు 5,000 చొప్పున పక్కన పెట్టండి. అప్పటికి 40,000కు పైగా చేతిలో ఉంటుంది. మిగతా 70,000కు బ్యాంకులో తగ్గే బాకీ మీద వడ్డీ వేసే లోను అడగండి. ఫైనాన్స్ వాళ్లు ఫ్లాట్ 12 శాతం (బాకీ తగ్గుతున్నా మొదటి అసలు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) అంటే, మూడేళ్ల వాయిదాలకు అది నిజంగా 21 శాతం పైమాటే. బంగారం తాకట్టు మీ ఇంట్లో ఆఖరి ఆసరాగా ఉండనివ్వండి.

ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయి కూడా బండి నడుపుతాడని ఉత్తరం చివర రాశారు. 18 నిండి లైసెన్సు వచ్చేదాకా తాళం చెవి ఇవ్వవద్దు. మైనర్ నడిపితే చట్టప్రకారం తండ్రికి 25,000 జరిమానాతో పాటు జైలు శిక్ష కూడా ఉంది, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. అతను ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ తర్వాత ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు.