రాయి ఆకారాన్ని కాదు, దెబ్బ పడిన గుర్తును చూడండి

వాగు ఒడ్డున కనబడిన త్రికోణపు రాయి పాతరాతియుగం పనిముట్టేనా, ఇలాంటివి ఎక్కడ, ఎలా వెతకాలి అని అడిగారు. మీరు రాసిందంతా ఆకారం గురించే: మొనదేలి ఉంది, చేతిలో చక్కగా ఇముడుతోంది అని. ఆ రెండింటితో తేల్చలేం. చేతిలో ఇమిడే మొనరాళ్లను ప్రకృతి కూడా బోలెడన్ని చేస్తుంది.

చాలాకాలంగా పురావస్తు సర్వేలకు వెళుతున్నాను. ఏ రాయి కనబడినా ముందు విరిగిన ముఖమే చూస్తాను. ఒక రాయి అంచు మీద మరో గట్టి రాయితో కొడితే పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న చదును మిగులుతుంది. దాని కిందే, లోపలి ముఖం మీద, కాస్త ఉబ్బు ఉంటుంది. అక్కడి నుంచి అలల్లాంటి గీతలు బయటికి పాకుతాయి. పెచ్చు ఊడిన అసలు రాయి మీద ఆ ఉబ్బుకు సరిపడే పల్లం ఉంటుంది. చెకుముకిరాయి, దాని జాతిదే అయిన చెర్ట్, అగ్నిపర్వత గాజైన అబ్సిడియన్‌లలో ఇవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇసుకరాయి గట్టిపడి ఏర్పడే క్వార్ట్‌జైట్‌లో గీతలు మసకబారతాయి కాబట్టి బొటనవేలితో తడిమి ఉబ్బును పట్టుకోవాలి. పలుగురాయి మాత్రం నిజంగా కష్టం. అది ముక్కలుముక్కలుగా పగులుతుంది, అనుభవం ఉన్నవాళ్లే తటపటాయిస్తారు.

అయితే ఒక్క పెచ్చు గుర్తు చూసి సంబరపడకండి. వరదలో రాళ్లు కొట్టుకున్నా పెచ్చులు లేస్తాయి. బ్రెజిల్‌లో కాపుచిన్ కోతులు రాయితో రాయిని కొడుతుంటే పదునైన పెచ్చులు రాలుతున్నాయని 2016లో పరిశోధకులు ప్రకటించారు. ఆ కోతులు వాటిని పనిముట్లుగా వాడటం లేదు. అందుకే నేను వెతికేది వరస. ఒకే అంచు వెంట, పక్కపక్కనే, ఇంచుమించు ఒకే దిశలో పెచ్చులు తీసిన గుర్తులు ఉండాలి. చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తో పట్టుకుని వాడే పనిముట్టు) అయితే సాధారణంగా రెండు ముఖాల మీదా ఉంటాయి. రంగు కూడా చూడండి. పాత గుర్తుల మీద రాయి పైపొర రంగు మారి ఉంటుంది. ఒక గుర్తు మాత్రం లోపలి రంగుతో తాజాగా మెరుస్తుంటే అది నాగలో, బండి చక్రమో తగిలి ఈమధ్య లేచినది కావచ్చు.

వెతకడానికి వాగు అడుగు కంటే కోసుకుపోయిన గట్లు, గండ్లు, కంకర పొరలు బయటపడిన చోట్లు మేలు. గడ్డి లేని నేల కావాలి. వాన దుమ్మును కడిగేశాక, పొద్దు వాలుగా ఉన్నప్పుడు నడవండి. ఏటవాలు వెలుగులో గుర్తుల నీడలు తేలతాయి. ఆ చుట్టుపక్కల దొరకని రకం రాయి కనిపిస్తే ఆగండి, దాన్ని మనుషులే తెచ్చి ఉండొచ్చు. మరో మాట, అందమైన పనిముట్టు కోసం కాక చిన్న పెచ్చుల కోసం చూడండి. ఒక పనిముట్టు చేస్తే రాలే వ్యర్థం చాలా ఎక్కువ. ఒంటరి రాయి కంటే గుంపుగా పడి ఉన్న పెచ్చులనే నేను ఎక్కువ నమ్ముతాను.

దొరికినదాన్ని దయచేసి జేబులో వేసుకోవద్దు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా. రాతిని చూసి దాన్ని ఎప్పుడు చెక్కారో కచ్చితంగా చెప్పలేం, ఎక్కువగా అది ఉన్న పొరే ఆ వయసు చెబుతుంది. కెన్యాలోని లోమెక్వి అనే చోట దొరికిన రాతి పనిముట్లకు 33 లక్షల ఏళ్లని తేల్చగలిగారంటే, అక్కడి అగ్నిపర్వత బూడిద పొరలు ఆధారంగా ఉండబట్టే. కదిపిన రాయి ఆ సాక్ష్యాన్ని పోగొట్టుకుంటుంది, ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీ రాయి ఇంకా అక్కడే ఉంటే పక్కన స్కేలు పెట్టి, రెండు ముఖాలూ, అంచూ, పక్క నుంచి వెలుగు పడేలా ఫోటోలు తీయండి. తిప్పాల్సివస్తే మళ్లీ ఉన్నట్టే పెట్టేయండి. జీపీఎస్ లొకేషన్ రాసుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ ఫోటోలు ఇక్కడా పెడితే ఉబ్బు, పెచ్చుల వరస ఉన్నాయో లేదో చూసి చెబుతాను.