ఐదు రోజుల తేడాకి ఏడాది చిన్నవాడు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. కింద వాటాలో మా బావగారి కుటుంబం, పై వాటాలో మేము ఉంటాం. మా బాబుకి పన్నెండేళ్లు, బావగారి అబ్బాయికి పదమూడు. అన్నతో పాటే వెళ్తాడులే అని మావాడిని ఐదేళ్లు నిండకుండానే ఒకటో తరగతిలో వేశాం. ఇప్పుడు ఇద్దరూ ఎనిమిదో తరగతి, ఒకే సెక్షన్, ఒకే క్రికెట్ కోచింగ్. అండర్-14 సెలక్షన్స్‌లో వాడు వరసగా రెండోసారి వచ్చాడు, మావాడు రాలేదు. సెప్టెంబర్ 1 కటాఫ్ అట. బావగారి అబ్బాయిది సెప్టెంబర్ 8, మావాడిది ఆ తర్వాతి ఏడాది ఆగస్టు 27. డాక్టరుగారు సెప్టెంబర్ 10 డేట్ ఇస్తే, మా అత్తగారు శ్రావణంలో మంచి ముహూర్తం చూసి ముందే ఆపరేషన్ చేయించారు. సర్టిఫికెట్‌లో ఏడాది తగ్గించి రాయిద్దామని మావారి ఆలోచన. ఎవరో చేసిపెడతానన్నారట. కాదంటే క్రికెట్ మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తానంటున్నారు. క్లాస్ టీచర్ ఏమో వాడికి ఏకాగ్రత లేదు, ఎవరికైనా చూపించండి అంటున్నారు. ఎనిమిదో తరగతి మళ్లీ చదివిస్తే మంచిదా? వాడు అన్న పాత కిట్ వేసుకుని వెళ్లి, రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాడు. జూలైలో పుట్టిన నాలుగేళ్ల పాప కూడా ఉంది. యూకేజీ వద్దు, వచ్చే జూన్‌లో నేరుగా ఒకటిలో వేసేయమని అత్తగారి మాట.

జవాబు: ముందు ముహూర్తం సంగతి తేల్చేద్దాం. ఉత్తరమంతటిలో మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదేననిపించింది. మీ అత్తగారు తిథి చూశారు, నక్షత్రం చూశారు, వర్జ్యం లేకుండా చూశారు. క్రికెట్ బోర్డు కటాఫ్ ఏ పంచాంగంలోనూ ఉండదు కదమ్మా. ఆవిడ తప్పు లేదు, మీ తప్పు అంతకన్నా లేదు. అత్తగారి మీద పాత కోపాలేమైనా ఉంటే వేరే సందర్భం చూసుకోండి, దీనికి మాత్రం వదిలేయండి.

లెక్క మాత్రం నిజమే. బీసీసీఐ అండర్-16, అండర్-19 పోటీలకి కూడా సెప్టెంబర్ 1నే గీత గీస్తుంది. ఆ రోజు నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 దాకా పుట్టినవాళ్లంతా ఒక జట్టు వయసు. మీ బావగారి అబ్బాయి ఆ వరసలో దాదాపు మొదట నిలబడ్డాడు, మీవాడు దాదాపు చివర. మధ్యలో పదకొండున్నర నెలలు. పన్నెండేళ్లవాడికి అది ఇంతవరకు బతికిన బతుకులో పన్నెండో వంతు. ఇంకో ఐదు రోజులు ఆగి పుట్టి ఉంటే కింది బ్యాచ్‌లో వాడే అందరికన్నా పెద్దవాడయ్యేవాడు. ఆ బ్యాచ్‌లో ఇంకెవరి అబ్బాయో ఏడ్చేవాడనుకోండి.

ఇది మీ ఒక్క ఇంటి గొడవ కాదు. 1980లలో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్టు, ఆయన భార్య పౌలా జూనియర్ ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లారు. ఆటగాళ్ల వివరాలున్న పుస్తకం తిరగేస్తూ ఆవిడ ఒక వింత గమనించింది. ఎవరి పుట్టినరోజు చూసినా జనవరి, ఫిబ్రవరి, మార్చి. అక్కడ కటాఫ్ జనవరి 1. అక్కడి నుంచి మొదలై ఫుట్‌బాల్ మీద, చదువుల మీద దేశదేశాల్లో ఎన్నో పరిశోధనలు జరిగాయి. గీత ఎక్కడ ఉంటే, అది దాటగానే వచ్చే నెలల పిల్లలే ఎక్కువ ఎంపికవుతున్నారని తేలుతూ వచ్చింది. ఎంపికైనవాడికి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు, మంచి పిచ్, ‘నువ్వు ఆడగలవురా’ అనే మాట. రానివాడు నెట్స్‌లో బంతులు ఏరుతుంటాడు. మొదట వయసు వల్ల వచ్చిన తేడా రెండేళ్లలో నిజంగానే ఆటలో తేడా అయిపోతుంది. మీవాడికి రెండోసారి రాకపోవడంలో ఈ భాగం కూడా ఉండొచ్చు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల అకాడమీలకి, బడులకి కూడా సెప్టెంబర్ నుంచి ఆగస్టు వరకే ఏడాది. హ్యారీ కేన్ జూలై 28న పుట్టాడు. చిన్నప్పుడు అర్సెనల్ క్లబ్ అకాడమీలో చేర్చుకుని ఏడాదికే పంపేశారు. తర్వాత ఇంగ్లండ్ జట్టుకి అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసింది ఆయనే. మన దగ్గర విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిది మే 26. సెప్టెంబర్ లెక్కలో అదీ వెనక వరసే. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. పుట్టిన నెల తలరాత కాదని చెప్పడానికే ఇవి రాశాను. మీవాడికి చెప్పి ‘నువ్వూ అంతే అవుతావు’ అని ఆశ పెట్టకండి. వాడు అంతవాడు కాకపోవచ్చు, ఫర్వాలేదు కూడా.

ఇప్పుడు మీ ఇంట్లోకి వస్తాను. తలుపు పక్క గోడ మీద పిల్లల ఎత్తు పెన్సిల్‌తో గీసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంటుంది. కింద వాటాలో మీ బావగారి అబ్బాయి గీతలుంటే, మీవాడిని తీసుకెళ్లి వాడి పోయినేడాది గీత పక్కన నిలబెట్టండి. ఈ ఏడాది గీత పక్కన వద్దు. గీతలు లేకపోతే పాత ఫోటోలు తీయండి, పోయినేడాది అన్న వేసుకున్న యూనిఫాం తీయండి. చాలాసార్లు ఇద్దరూ ఇంచుమించు సమానంగా వస్తారు, ఒక్కోసారి చిన్నవాడే పైన ఉంటాడు. నా దగ్గరకొచ్చిన ఒక పిల్లవాడు అలా నిలబడి చూసుకుని, ‘అయితే వాడు నాకన్నా ముందు బయల్దేరాడు, అంతేనా ఆంటీ’ అన్నాడు. నేను గంట మాట్లాడి చెప్పలేనిది వాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఎత్తు ఒక్కటే కాదు. మగపిల్లలు ఒక్కసారిగా ఎదగడం చాలామందిలో పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో జోరందుకుంటుంది. కొందరికి ఇంకా ముందు, కొందరికి పదిహేను దాకా మొదలవదు. మీ బావగారి అబ్బాయి ఆ మెట్టు ఎక్కేసి ఉండొచ్చు, మీవాడు ఇంకా కిందే ఉన్నాడేమో. ట్రయల్స్‌లో ఒక్కో కుర్రాడికి దక్కేది కాసిని బంతులు. ఆ కాసేపట్లో ఎవరు బలంగా కొట్టారో, ఎవరు వేగంగా వేశారో కంటికి ఆనుతుంది. ఎవరి కాలు సరిగ్గా పడుతోందో చూడాలంటే ఓపిక ఉన్న సెలెక్టరు కావాలి.

ఇంకో విషయం. ‘అన్న పాత కిట్’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పాత కిట్ అంటే పాత బ్యాట్ కూడా కదా? ఏడాది పెద్దవాడు, ఎదిగినవాడు వాడిన బ్యాట్ మీవాడికి పొడుగు, బరువు. పొడుగు బ్యాట్ పట్టిన పిల్లవాడిని పక్కనుంచి చూడండి. పైకెత్తేటప్పుడు పై చేయి చాలక కింది చేత్తో లాగుతాడు, మణికట్టు తిరిగిపోతుంది, బంతి దాటిపోయాక బ్యాట్ కిందికి దిగుతుంది. చూసేవాళ్లకి వీడు స్లో అనిపిస్తుంది. స్లో అయింది బ్యాట్. ప్యాడ్లు మోకాలి పైకి వచ్చేస్తే పరుగు కూడా అంతే. మన ఇళ్లల్లో అన్న చొక్కా తమ్ముడికి రావడం మామూలే, నేనూ అక్క పరికిణీలు కట్టి పెరిగినదాన్నే. బ్యాట్ మాత్రం చొక్కా కాదు. షాపుకి వాడినే తీసుకెళ్లి, ఎత్తు చూసి సైజు ఇమ్మని అడగండి.

కోచ్‌ని కూడా ఒకసారి విడిగా కలవండి. ‘ఎందుకు రాలేదు’ అని అడిగితే ఏదో సర్దిచెబుతారు. ‘ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే బలం ఉన్నారనుకోండి, అప్పుడు మావాడిలో ఏం తక్కువ’ అని అడగండి. అప్పుడు వచ్చే జవాబు మీకు పనికొస్తుంది. నిజంగానే ఆటలో లోటుందని చెప్తే అదీ వినాలి, అన్నీ ఆగస్టు మీదికి నెట్టేయకూడదు. వాడికి ఆడుకోవడానికి మ్యాచ్‌లు కావాలి. జిల్లా జట్టులో దొరక్కపోతే స్కూల్ టీమ్, ఆదివారం గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్, ఏదైనా సరే. ఎదిగే వయసు వచ్చేదాకా వాడు ఆటలో ఉండాలి.

మీవారి ఆలోచన గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఈ భాగం ఆయనకి చదివి వినిపించండి. ఆయన చెడ్డవారని నేననుకోను. గీత అన్యాయంగా ఉందనిపించి గీతనే జరిపేద్దామనుకుంటున్నారు. పూర్వం ఇది మన ఊళ్లల్లో మామూలే. మా నాన్నగారి పుట్టినరోజు రికార్డుల్లో జూలై 1, ఆయన క్లాసులో సగంమందిదీ జూలై 1. హెడ్‌మాస్టరుగారు నోటికొచ్చినది రాసేశారు. ఇప్పుడు అలా కుదరదు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఒక్కసారే అవకాశం. అదీ, స్కూల్ రికార్డూ, బర్త్ సర్టిఫికెట్టూ ఒకదానితో ఒకటి పొసగకపోతే పాస్‌పోర్టు దగ్గర్నుంచి అన్నిటికీ చిక్కే. క్రికెట్‌లో అండర్-16కి వెళ్తే ఎడమ మణికట్టు ఎక్స్-రే తీసి ఎముకల వయసు చూస్తారు. దొంగ సర్టిఫికెట్లు పెట్టినట్టు తేలితే రెండేళ్లు నిషేధమని బోర్డు 2020లోనే చెప్పింది. ఆ రెండేళ్లు పోతే ఈ వయసు క్రికెట్ మొత్తం పోయినట్టే.

ఇవన్నీ దాటేసినా, ఆగస్టు 27న కేకు తిన్నవాళ్లంతా మీ కింద వాటాలోనే ఉన్నారు. పక్క బెంచీలో కూర్చునే అన్నకి తెలుసు. ఎప్పుడు పుట్టావని ఎవరడిగినా మీవాడు ముందు మీ మొహం చూసి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు వాడు చిన్నవాడినని ఏడుస్తున్నాడు, రేపు దొంగనని భయపడతాడు. ఆయన ఎలాగైనా ఆ పని చేయిస్తానంటే మీరు గట్టిగా అడ్డుపడండి. ఇందులో సర్దుకుపోవడాలు వద్దు.

ఐఐటీ ఫౌండేషన్ సంగతి. చదువుకి కావాలంటే వేయండి, శిక్షగా మాత్రం వద్దు. ఆటలో ఓడాడని చదువులో పడేస్తే, అక్కడా పక్కన ఏడాది పెద్దవాళ్లే కూర్చుని ఉంటారు కదా.

టీచరు చెప్పిన ఏకాగ్రత మాట కొట్టిపారేయకండి, కంగారూ పడకండి. అమెరికాలో బడికి సెప్టెంబర్ 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో చూస్తే, క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లయిన ఆగస్టు పిల్లలకి, సెప్టెంబర్ పిల్లలతో పోలిస్తే 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడమనే సమస్య) అని రాశారని 2018లో ఒక అధ్యయనం చెప్పింది. పుట్టింది ఆగస్టులోనా సెప్టెంబర్‌లోనా అన్నదాన్ని బట్టి పిల్లల మెదళ్లు అంతగా మారిపోవు. పక్కనున్న పెద్ద పిల్లలతో పోల్చి చూడటం వల్ల వచ్చిన తేడా అది. కాబట్టి టీచరుగారిని ఒకటే అడగండి: ‘ఏడో తరగతి పిల్లల్లో కూర్చోబెడితే వీడు ఎలా ఉంటాడు?’ వాళ్ల మధ్య కూడా తేడాగానే ఉంటాడంటే, లేదా ఇంట్లో కూడా పది నిమిషాలు ఒక పని మీద ఉండలేకపోతుంటే, పిల్లల సైకాలజిస్టుకి చూపించండి. వెళ్లినప్పుడు వాడు క్లాసులో చిన్నవాడని మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

ఎనిమిది మళ్లీ చదివించడం నాకు ఇష్టం లేదు. ఒకటో తరగతి ఒక ఏడాది ఆలస్యంగా మొదలుపెట్టడం వేరు, ఈ వయసులో అన్న తొమ్మిదికి వెళ్తుంటే వీడు ఎనిమిదిలో ఉండిపోవడం వేరు. వీధిలో అందరూ ‘ఫెయిలయ్యాడా’ అని అడుగుతారు. పైగా చదువులో ఈ తేడా మెల్లగా తగ్గుతుంది. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో కొన్ని దేశాల మార్కులు పోల్చి చూస్తే, నాలుగో తరగతిలో అందరికన్నా చిన్న పిల్లలు పెద్దవాళ్లకంటే 4 నుంచి 12 పర్సంటైల్స్ (అంటే వందమందిని వరసలో నిలబెడితే అన్ని స్థానాలు) వెనక ఉన్నారు. ఎనిమిదో తరగతికి అది 2 నుంచి 9కి దిగింది. మొత్తం పోలేదు, తగ్గింది. వచ్చే ఏడాదికి మాత్రం ఇద్దరినీ వేరే సెక్షన్లలో వేయించండి. రోజూ ఒకే బోర్డు మీద రెండు పేర్లూ, రెండు మార్కులూ కనపడకపోతే పిల్లలకీ మంచిది, మీకూ మీ తోడికోడలికీ కూడా మంచిది.

పాపని మాత్రం ఆపండి. మీ అత్తగారి మాట వింటే వచ్చే జూన్ నాటికి దానికి ఐదేళ్లు కూడా నిండవు. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లంటోంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి మార్చి 31కి ఆరేళ్లు నిండాలని పెట్టాయి. మీ స్కూలు ఐదుకే చేర్చుకుంటానన్నా సరే, యూకేజీ చదవనివ్వండి. ‘ఒక ఏడాది కలిసొస్తుంది కదమ్మా’ అని అత్తగారంటే, మనవడి దగ్గర కలిసొచ్చిన ఏడాది ఏమైందో ఆవిడకి మీరు చెప్పనక్కర్లేదు, రాత్రి వాడి పక్కన పడుకోమనండి.

పాత బ్యాట్ అటక మీద పెట్టకండి, కింద వాటాకి తిరిగి ఇచ్చేయండి. ‘వాడికి సరిపోవట్లేదు అక్కా, ఇంకా చిన్నవాడు కదా’ అని, మీవాడు వినేలాగే చెప్పండి.