సీటీ స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు చివరికి మూసీలో కలుస్తుందా?

కలుస్తుందండీ. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సీటీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను, కిడ్నీలకేమైనా అవుతుందా అని రోజూ అడుగుతారు గానీ డ్రైనేజీ సంగతి ఎవరూ అడగరు.

స్కాన్‌లో రక్తనాళాలు, అవయవాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే అయోహెక్సాల్, అయోపమిడాల్ లాంటి ఈ అయోడిన్ మందుల్ని ఒళ్లు అరిగించుకోదు. కిడ్నీలు బాగుంటే 24 గంటల్లో 90 శాతం పైగా ఎక్కించింది ఎక్కించినట్టే మూత్రంలో వచ్చేస్తుంది. మేమేమో టేబుల్ దిగగానే "నీళ్లు బాగా తాగండమ్మా, పోతుంది" అని చెప్పి మరీ పంపిస్తాం! 350 స్ట్రెంగ్త్ మందు (అంటే ఎం.ఎల్.కి 350 మిల్లీగ్రాముల అయోడిన్) 80 ఎం.ఎల్. ఎక్కిస్తే అందులో అయోడిన్ 28 గ్రాములు. మనిషికి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములే కాబట్టి, లెక్కేస్తే ఐదొందల ఏళ్లకి సరిపడా అన్నమాట. అంబర్‌పేట లాంటి ఎస్టీపీల్లో (మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో) మురుగుని తినేది బ్యాక్టీరియా, దానికి ఈ మందు అంతగా కొరుకుడు పడదు, అందుకే మూసీ దాకా పోతుంది. మందు నేరుగా విషమేం కాదు గానీ, అయోపమిడాల్ లాంటిది ఉన్న నీళ్లలో క్లోరిన్ కలిపితే అయోడిన్ ఉన్న హానికర పదార్థాలు పుడతాయి.

ఇక మా తప్పు. నేను మొదట చేసిన చోట బక్కపల్చటి మనిషొచ్చినా, భారీ మనిషొచ్చినా 100 ఎం.ఎల్. సీసా విప్పడమే. షిఫ్ట్ దిగే ముందు సిరంజిలో, సీసాల అడుగున మిగిలిందంతా సింకులో వంచి కుళాయి తిప్పేవాణ్ణి. ఒలికితే చెప్పులు నేలకి అంటుకునేంత జిగట, అందుకని నీళ్లు ఇంకాస్త వదిలేవాణ్ణి. నిజానికి 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం పారేసే మందు పసుపు రంగు వర్గం కిందికొస్తుంది, సింకులోకి కాదు. ఇప్పుడున్న చోట బరువు చూసి డోసు లెక్కేస్తాం, సన్నగా ఉన్నవాళ్లకి ఎక్స్-రే వోల్టేజీ 120 బదులు 100 కేవీ (కిలోవోల్టులు) పెడితే తక్కువ మందుతోనే రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తాయి, వెనకాలే సెలైన్ తోస్తే ట్యూబులో మిగిలింది కూడా ఒంట్లోకే పోతుంది. 50 ఎం.ఎల్. సీసాలు కూడా తెప్పించాక మిగిలేది బాగా తగ్గింది.

పేషెంటు మూత్రం మాటేంటంటారా? జర్మనీలో రూర్ నది పరిసరాల్లో స్కాన్ అయ్యాక మూత్రాన్ని పీల్చుకునే జెల్ ఉన్న సంచులిచ్చి, ఇంటి చెత్తలో వెయ్యమన్నారు, అక్కడ ఆ చెత్త కాల్చేస్తారు కాబట్టి నడిచింది. ఇక్కడ ఆ సంచి చెత్తబండి ఎక్కాక ఎటు పోతుందో ఎవరు చూశారు? అయినా ఉత్సాహం ఆగక మా మేనేజర్‌ని అడిగాను. "ముందు మీ స్కాన్ రూము బాత్రూముకి గడియ పెట్టించు బాబూ" అన్నారు.