తడి ఆరని మూలకు ఆస్టర్

చి.ల.సౌ. బిడ్డకు, చిన్నమ్మ దీవెనలు.

న్యూజెర్సీలో మీ ఇంటి వెనక గట్టర్ నీళ్ళు దిగేచోట గడ్డి నిలవడం లేదన్నావు. రోజుకు ఆరు గంటల ఎండ పడితే అక్కడ న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ వెయ్యి. ఆ నేల మొక్కే, మన చామంతికి చుట్టం. ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా పూస్తుంది. మెక్సికో పోయే మొనార్క్ సీతాకోకచిలుకలకూ, చలికి ముందు కడుపు నింపుకునే బంబుల్‌బీ (బొద్దు తేనెటీగ) రాణులకూ అదే కడబంతి భోజనం.

కొనేటప్పుడు చీటీ మీద దాని శాస్త్రీయ నామం, సింఫియోట్రైకమ్ నోవే-ఆంగ్లియే, అని ఉందో లేదో చూడు. నోరు తిరగని పేరు, ఏం చేస్తాం! షాపుల ముందు పేర్చే ముద్దచామంతులు తెచ్చి తేనెటీగలు రాలేదనకు, ఆ రేకుల గుట్టలో వాటికి దొరికేది తక్కువ.

విత్తనాలైతే చలి తగలాలి. తడి ఇసుకలో కలిపి 60 రోజులు ఫ్రిజ్‌లో పెట్టు, లేదా డిసెంబరులో కుండీ మట్టి మీద చల్లి బయటే వదిలెయ్యి. పైన మట్టి కప్పకు, వాటికి వెలుతురు కావాలి. మొక్కకూ మొక్కకూ రెండు మూడడుగులు వదులు. ఇరుకైతే గాలాడక బూడిద తెగులు వస్తుంది. ఎరువు వద్దే వద్దు, బలిసి ఆరడుగులు లేచి వానకు పడిపోతుంది. తడి అంటే చెమ్మ. చలికాలమంతా నీళ్ళు నిలిచే గుంటలో మొదలే కుళ్ళుతుంది.

అసలు కిటుకు చామంతిదే, తల తుంచడం. జూన్ మొదట్లో అడుగున్నర ఎత్తులో ఉండగా సగానికి కత్తిరించు, గుబురుగా వస్తుంది. ముందు వరస కాడలే కత్తిరిస్తే పూత రెండు విడతలుగా వస్తుంది. జూలై 4 దాటాక కత్తెర పట్టకు, మొగ్గలు పోతాయి. కింది ఆకులు ఎండితే కంగారు పడకు, దాని తీరే అంత. లేత కొమ్మలు కుందేళ్ళు కొరుకుతాయి, మే నెలలోనే ఇనుప వల చుట్టు. మూడేళ్ళకోసారి వసంతంలో తవ్వి పిలకలు విడదియ్యి, లేకపోతే నడుమ బోసిపోతుంది. ఎండిన కాడలు మార్చి దాకా ఉంచు, గోల్డ్‌ఫించ్ పిట్టలు గింజలు తింటాయి.

గునుగు, తంగేడు దొరకని చోట బతుకమ్మకు ఇవే కోస్తావు, నాకు తెలుసు. పువ్వు బొడ్డు చూసి కొయ్యి. పసుపుగా ఉంటే ఇంకా తేనెటీగలకు పని ఉన్నట్టు. ఎరుపు తిరిగినవి నీవి. పొద్దు గూకితే రేకులు ముడుచుకుంటాయి కాబట్టి అడుగు వరసల్లోనే పేర్చు, పై వరసకు బంతిపూలు కొనుక్కో.

మీ చిన్నమ్మ