ఎవరికీ ఎవరూ బాస్ కానప్పుడు పని ఎలా నడుస్తుంది?

ప్రశ్న: వేర్వేరు సంస్థలు ఒకే ప్రజాప్రయోజనం కోసం నెట్‌వర్క్‌గా ఎలా పనిచేస్తాయి?

తిరుమల గరుడసేవ రోజునే తీసుకోండి. టీటీడీ, పోలీసులు, ఆర్టీసీ, రైల్వే, స్వచ్ఛందంగా వచ్చే శ్రీవారి సేవకులు. టీటీడీ ఈవో ఆర్టీసీ డ్రైవరుకు మెమో ఇవ్వలేరు, పోలీసులు రైళ్లు పెంచలేరు. కానీ ఒకరి నిర్ణయం మిగతా అందరి మీదా పడుతుంది. ఘాట్ రోడ్డులో బైకులు ఆపేశారనుకోండి, కింద పార్కింగ్ కావాలి, అక్కడి నుంచి బస్సులు కావాలి. పైన మాడ వీధుల గ్యాలరీలు నిండిన సంగతి అలిపిరికి వెంటనే తెలియాలి. తెలియకపోతే బస్సులు జనాన్ని దింపుతూనే ఉంటాయి! అందుకే ముందస్తు సమావేశాల కంటే ఆ రోజు సమాచారం ఎంత వేగంగా అందిందన్నదే ముఖ్యమని నేనంటాను.

ఇలాంటి నెట్‌వర్కులను నడిపే తీరు మూడు రకాలని ప్రొవాన్, కెనిస్ అనే పరిశోధకులు 2008లో వివరించారు: సభ్యులంతా కలిసి నడుపుకోవడం, ఒక సంస్థ ముందుండి నడపడం, సమన్వయానికే విడిగా ఒక సంస్థను పెట్టుకోవడం. తిరుమలది దాదాపు రెండో రకం, ముందుండేది టీటీడీ. నిర్ణయాలు త్వరగా జరుగుతాయి, నిజమే. మిగతావాళ్లు మాత్రం 'మాకు చెప్పింది చేశాం' అని చేతులు దులుపుకునే ప్రమాదమూ ఉంది.

అలా ముందుండి నడిపే పెద్దన్న ఒక్కడితో అన్నీ కావు కూడా. 2023లో అలిపిరి నడకదారిలో చిరుతల భయం వచ్చినప్పుడు బోన్లు పెట్టి పట్టింది అటవీశాఖ, పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టింది టీటీడీ.