చేప చేదుతిత్తి మింగితే షుగర్ దిగుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మా నమస్తే, మాది ఏర్పేడు దగ్గర పల్లె. మా మామకి పదేళ్లుగా షుగర్, మాత్రలు వేసుకుంటా ఉండారు. శీలావతి చేప చేదుతిత్తి పచ్చిగా మింగితే షుగర్ దిగిపోతుందని ఎవరో చెప్పినారంట, పోయిన ఆదివారం అంగట్లో చేప కోయించేటప్పుడు తిత్తి పగలకుండా కవర్లో వేయించుకోనొచ్చినారు, నేను గొడవపడి ఫ్రిజ్‌లో దాచిపెట్టినా. మేక కార్జం తింటే రక్తం పడుతుంది గదా, ఇదీ అట్లాంటిదే అంటారు. ఏం చెప్పేది?

జవాబు: ముందు ఆ కవర్ ఫ్రిజ్‌లోంచి తీసెయ్ తల్లీ, కుక్కలూ పిల్లులూ తినకుండా గుంత తీసి పూడ్చిపెట్టు.

శీలావతి, బొచ్చె, గడ్డిచేప అన్నీ ఒకే కుటుంబం చేపలు, వీటి చేదుతిత్తిలో ఉండే పిత్తంలో సిప్రినాల్ సల్ఫేట్ అని ఒక విషం ఉంటుంది, అది నేరుగా కిడ్నీల మీద పడుతుంది. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, అందరూ తిన్నది పడలేదనుకుంటారు. అసలు ముప్పు అక్కడే ఉంది, వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టే ఉంటాడు గానీ రెండు మూడు రోజుల్లో ఒంటేలు తగ్గిపోయి కాళ్లూ మొహం వాస్తాయి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన చెత్త) పెరిగిపోతుంది, కొందరికి లివర్ కూడా దెబ్బతింటుంది. దీనికి విరుగుడు మందు లేదు. డయాలసిస్ చేస్తా కాచుకోవాల్సిందే, చాలామందికి కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకుంటాయి, అందరికీ కాదు. షుగర్ ఉన్నోళ్ల కిడ్నీలు ముందే అలిసిపోయుంటాయి గదా, నాకు మీ మామ గురించి భయం అందుకే. ఉడకబెట్టినా, సారాయిలో కలిపినా ఆ విషం పోతుందని నమ్మొద్దు.

కార్జం మాట నిజమే, ఇనుము, బి12 దండిగా ఉంటాయి. జంతువుల లోపలి భాగాల నుంచి మందులు రావడమూ నిజమే, 1922లో టొరంటోలో షుగర్ పిల్లోడికి మొదటిసారి ఇచ్చిన ఇన్సులిన్ పశువుల క్లోమం నుంచి తీసిందే, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఇప్పటికీ పంది పేగుల లోపలి పొర నుంచే వస్తుంది. అయితే వాటిని శుద్ధి చేసి, కొలిచి సూదితో ఇస్తారు. క్లోమాన్ని కూర వండుకోని తింటే ఇన్సులిన్ కడుపులోనే అరిగిపోతుంది, షుగర్ దిగదు. మామకి ఈ ముక్క చెప్పి చూడు, ఆయన వాదంలో తప్పు ఆయనకే అర్థమవుతుంది.

చేప కోసేటప్పుడు తిత్తి పగిలి ముక్కకి కొంచెం అంటుకుంటే భయపడొద్దు, పచ్చగా అయిన చోట కోసి పారేసి ఉప్పేసి కడుక్కోండి.

ఇంకొక్కటి, నీకు తెలీకుండా ఆయన ఇదివరకే ఒకటో రెండో మింగినారేమో మెల్లగా అడుగు. మింగి ఉంటే వాంతులు లేకపోయినా ఆలస్యం చెయ్యకుండా తిరుపతి తీసుకోని రా, స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ విభాగం ఉంది, అక్కడ సిగ్గుపడకుండా చేప పిత్తం మింగినారని మొదటి మాటగా చెప్పు, ఆ ఒక్క మాట దాచిపెడితే డాక్టర్లు కారణం కోసం వెతుక్కుంటా ఉండే లోపల విలువైన టైమ్ పోతుంది.