బడిపిల్లల వైద్య చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లండులో బడిపిల్లల ఆరోగ్య సేవల మీద సిద్ధాంత వ్యాసం మొదలుపెట్టావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ కాగితాలతో పాతికేళ్లు గడిపినవాణ్ని కనుక ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. డాక్టరు చూసి పంపేసిన బిడ్డకు ఆ తర్వాత ఏమైందో వెతుకు.

దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధకాలంలో సైన్యంలో చేరవచ్చిన యువకుల్లో ఎందరో దేహదార్ఢ్యం చాలక వెనుదిరగడం, దేశ ప్రజల శారీరక క్షీణతపై 1904లో వచ్చిన కమిటీ నివేదిక, బడిలో భోజనం పెట్టడానికి వీలిచ్చిన 1906 చట్టం అందరూ రాసినవే కనుక రెండు పేజీల్లో ముగించు. 1907 విద్యా చట్టం దగ్గర మాత్రం నిదానించి, 13వ సెక్షనును మాటమాటా చదువు. ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వైద్య పరీక్ష చేయించడం స్థానిక విద్యాధికార సంస్థల విధి అయింది గానీ, చికిత్సకు ఏర్పాట్లు చేయడం వాటి ఇష్టానికే మిగిలింది. ‘చేయాలి’, ‘చేయవచ్చు’ అనే ఆ రెండు మాటల మధ్యనే చెవిలో చీము కారే పిల్లలు, పిప్పిపళ్ల పిల్లలు, నల్లబల్ల మీది అక్షరాలు కనబడని పిల్లలు ఏళ్ల తరబడి చిక్కుకుపోయారు. 1909 చట్టం చికిత్స ఖర్చును ఇచ్చుకోగల తల్లిదండ్రుల నుంచి రాబట్టమన్నది. ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చికిత్స ఏర్పాటు విధిగా మారడానికి 1918 దాకా ఆగవలసి వచ్చింది.

పాఠశాల వైద్యాధికారుల వార్షిక నివేదికలు తెరిచినప్పుడు, పరీక్షించినవారు, చికిత్స అవసరమైనవారు, చికిత్స అందినవారు అనే మూడు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకొని చదువు. నా మొదటి వ్యాసంలో నేను మొదటి లెక్కే చూసి ఆ సేవ ఘనవిజయమని రాశాను. వ్యాసం చదివిన పెద్దాయన, ‘వీరిలో ఎందరి ముక్కు మీదికి కళ్లజోడు వచ్చింది?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న నేటికీ నన్ను వదలలేదు.

తల్లులను మరువకు. పరీక్షకు రమ్మని కబురు వస్తే పూటకూలి వదులుకొని వచ్చిన తల్లి పక్కనే నిలబడి ఉండగా, నర్సు బిడ్డ జుట్టును పాయలు తీసి పేలకోసం, ఈర్లకోసం వెతికేది. ఆ తల్లికి కలిగిన తలవంపు ఏ పట్టికలోనూ ఉండదు. కొందరు తల్లులు ఎందుకు ఎదురుతిరిగారో తెలియాలంటే మాత్రం అది నీ మనసులో ఉండాలి.

చివరగా, బడిపిల్లల ఆరోగ్యం కోసం పాటుపడిన మార్గరెట్ మెక్‌మిలన్ మీద ఒక అధ్యాయమంతా వెచ్చించు. 1894లో బ్రాడ్‌ఫర్డ్ స్కూల్ బోర్డుకు ఎన్నికైన ఆమె, తరువాత లండన్ చేరి 1908లో బో ప్రాంతంలో, 1910లో డెప్ట్‌ఫర్డ్‌లో పిల్లల వైద్యశాలలు నడిపింది. నయమై వెళ్లిన పిల్లలే అవే ఇరుకు ఇళ్లలో మళ్లీ జబ్బుపడి తిరిగి రావడం చూసి, వారికి ఆరుబయట పడుకునే శిబిరం, ఆపై 1914లో శిశుపాఠశాల ఏర్పాటు చేసింది. మందు ఇచ్చాక బిడ్డ ఎక్కడికి వెళుతుందని ఆలోచించిన మనిషి ఆమె.

మొదటి అధ్యాయం పూర్తికాగానే, ఆ మూడు లెక్కల పట్టికతో సహా నాకు పంపు.

మామయ్య